రెండు లైన్లు, ఒక్క తొవ్వ

వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ జిల్లాగా మారిన ఏడాది వానాకాలంలో నన్ను హైదరాబాద్ ప్రధాన కార్యాలయం నుంచి హనుమకొండకు బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ మేనేజర్. కాలేజీల్లో సీట్ల భర్తీ చూసే మా సంస్థకు కంప్యూటర్ల విభాగం అక్కడ ఉండేది. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుంది. చివరి పోస్టింగు సొంత ఊళ్లోనే పడిందని ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. నేను మాత్రం వాళ్ల మాటను వెంటనే సరిదిద్దాను. సొంత ఊరు వరంగల్, పోస్టింగు హనుమకొండ. రెండూ ఒకటి కాదు.

బయటివాళ్లకు ఈ తేడా చెబితే నవ్వుతారు. వాళ్ల దృష్టిలో రెండూ కలిసిపోయిన ఒకే ఊరు. మాకు అలా కాదు. హనుమకొండ మనిషి "వరంగల్ పోయొస్త" అని ఇంట్లో చెప్పి మరీ ఆటో ఎక్కుతాడు. పావుగంటలో దిగినా సరే, ఊరు దాటి వెళ్లినట్టే లెక్క. వరంగల్‌లో పుట్టిన నాకు ఈ పట్టింపు ఇంకొంచెం ఎక్కువ. అది నా చేత ఎంత పెద్ద తప్పు చేయించబోయిందో, ఆ తప్పును ఒకామె ఎలా ఆపిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను చేరిన మూడో వారంలో కాలేజీల ఐచ్ఛికాలు ఇచ్చే గడువు ముగిసింది. ఐచ్ఛికాలంటే, ర్యాంకు వచ్చిన విద్యార్థి తనకు ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో వరుసగా మా వెబ్‌సైటులో నింపడం. ఆఖరి రోజు సాయంత్రం అయిదు దాటితే తలుపు మూతపడుతుంది. ఆ ఆఖరి రోజునే సగం రోజుకు పైగా మా సైటు ఎవరికీ తెరుచుకోలేదు. మర్నాడు పొద్దున నా గది బయట బల్ల మీద ఒక తండ్రీ కూతురూ కూర్చున్నారు. ఏటూరునాగారం అవతల నుంచి తొలి బస్సుకు వచ్చారట. ఆ అమ్మాయి ముందు రోజంతా మీసేవ కేంద్రంలో కూర్చుని ప్రయత్నించింది. సైటు మళ్లీ తెరుచుకునేసరికి ఊరికి చివరి బస్సు వేళయి, వాళ్లు వెళ్లిపోయారు. గడువు అయిపోయిందమ్మా, నా చేతుల్లో ఏమీ లేదని చెప్పాను. అది నిజమే. సీట్ల కేటాయింపు తేదీలు పైన ఖరారవుతాయి, ఒక్క రోజు కూడా జరపరు. తండ్రి, "మరి మేమేం తప్పు జేసినం సార్?" అని అడిగాడు. గొంతు పెంచలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. నేను ఫైలు తిరగేస్తూ కూర్చున్నాను. నాకు సిగ్గేసింది, ఈ మాట ఇప్పుడు చెప్పడానికి మొహమాటం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో రెండు గంటల్లోనే తేలింది. వెబ్‌సైటు హైదరాబాద్‌లోని ఒక డేటా సెంటర్‌లో నిక్షేపంగా నడుస్తూనే ఉంది. పడిపోయింది మా నేమ్ సర్వర్లు. ఈ వృత్తితో పరిచయం లేనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. మనం సైటు పేరు కొడతాం, కానీ కంప్యూటర్లకు పేర్లతో పని జరగదు, అంకె కావాలి. ఫలానా పేరుకు ఫలానా అంకె అని చెప్పే యంత్రమే నేమ్ సర్వర్. అది నోరు మూసుకుంటే సైటు ఉన్నా లేనట్టే. ఇల్లుంది, తలుపు తీసి ఉంది, దారి చెప్పే మనిషే లేడన్నమాట. అందుకే ప్రతి పేరుకూ కనీసం రెండు నేమ్ సర్వర్లు ఉండాలి. మొదటిది ప్రైమరీ, పేర్ల జాబితా అసలు ప్రతి దాని దగ్గర ఉంటుంది. రెండోది సెకండరీ, అది గంటగంటకూ మొదటిదాన్ని అడిగి ఆ జాబితాను నకలు చేసుకుంటుంది. ఒకటి పలకకపోతే అడిగేవాళ్లు రెండోదాన్ని అడుగుతారు.

మాకూ రెండున్నాయి. రెండూ ఒకే గదిలో, ఒకే ర్యాకులో, ఒకదాని మీద ఒకటి ఉండేవి. గదికి వచ్చే లైను తెగితే రెండూ ఒక్కసారే మూగబోయాయి.

దీని మీద మా ఆఫీసు డైరెక్టర్‌గారు నన్ను నివేదిక అడిగారు. ఆయన కోపిష్టి కాదు గానీ కాగితం మనిషి. ప్రధాన కార్యాలయం ఏనాడో పంపిన సర్క్యులర్ తీసి నా ముందు పెట్టారు. అందులో స్పష్టంగా ఉంది: రెండు నేమ్ సర్వర్లు రెండు వేర్వేరు జిల్లాల్లో, వేర్వేరు కంపెనీల లైన్ల మీద ఉండాలి. నేను ఆరు నెలల్లో ఆ పని పూర్తిచేశాను. ప్రైమరీని హనుమకొండ ఆఫీసులోనే ఉంచి, సెకండరీని వరంగల్ స్టేషన్ దగ్గర మా పాత ఆఫీసు గదికి మార్చాను. హనుమకొండకు ఒక కంపెనీ లైను, వరంగల్‌కు ఇంకో కంపెనీ లైను తీసుకున్నాను. రెండు చోట్లా జనరేటర్లు పెట్టించాను. కొత్త పేర్ల పుణ్యమా అని హనుమకొండ ఒక జిల్లా, వరంగల్ ఒక జిల్లా. ఊళ్లు వేరని ఇన్నేళ్లుగా నేను చెబుతున్నదాన్ని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. తనిఖీకి వచ్చిన బృందం ఫైలు చూసి, మిగతా కార్యాలయాలు దీన్ని అనుసరించవచ్చని రాసి వెళ్లింది. ఆ కాగితం జిరాక్సు తీసి ఇంటికి కూడా తీసుకెళ్లాను.

ఇక స్వరూప గురించి చెప్పాలి. మా విభాగంలో అసిస్టెంట్ ప్రోగ్రామర్. పేరుకు అసిస్టెంటే, నలభై దాటిన మనిషి, ఔట్‌సోర్సింగ్ కింద పదకొండేళ్లుగా అదే కుర్చీలో ఉంది. వరంగల్‌లో నేత పనివాళ్ల కుటుంబం. తండ్రి చేమగ్గం వదిలి మరమగ్గాలు పెట్టుకున్నాడు. మరమగ్గాన్ని మావైపు సాంచె అంటారు. ఆమెకు ఒక అలవాటుంది. ఏదైనా బాగుందని అందరూ అంటుంటే తను ఏమీ అనదు. చేతులు కట్టుకుని నిలబడి, అందరూ వెళ్లాక ఒక ప్రశ్న వేస్తుంది. తనిఖీ బృందం కార్లెక్కి వెళ్లిపోయాక నన్ను అడిగింది.

"సార్, ఈ రెండు లైన్లు ఊరి బయటికి ఏ తొవ్వల పోతానయి?"

తొవ్వ అంటే దారి. ఏ కంపెనీవో నీకు తెలుసు కదా, ఫైల్లో రాసి ఉంది కదా అన్నాను. కంపెనీ కాదు సార్, తొవ్వ అడుగుతున్నానంది. కంపెనీలు వేరైతే దారులు వేరు కాక ఏమవుతాయని విసుక్కున్నాను.

రెండు ఆదివారాలు గడిచాక మళ్లీ నా గదికి వచ్చింది. ఒక నోటు పుస్తకం తెచ్చింది. ఆ రెండు ఆదివారాలూ స్కూటీ మీద లైన్ల వెంట తిరిగిందట. వెంట మల్లేశం అనే పెద్దాయనను తీసుకెళ్లింది. ఆయన ముప్పై ఏళ్లు కేబుళ్లు అతికి, అప్పటికే మానేసి ఇంట్లో ఉంటున్న మనిషి. భూమిలో ఏ తీగ ఎక్కడుందో మ్యాపు లేకుండా చెప్పగలడు. కంపెనీలు తమ కేబుల్ పోయే దారి పొడవునా చిన్న రాళ్లు పాతుతాయి, రోడ్డు పనివాళ్లు తవ్వకుండా అదొక గుర్తు. స్వరూప ఆ రాళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ, ఏ కూడలి దగ్గర ఏ కంపెనీ రాయి ఉందో పుస్తకంలో రాసుకుంది. హనుమకొండ నుంచి ఒక వరుస, వరంగల్ నుంచి ఒక వరుస బయలుదేరాయి. కాజీపేట వైపు వెళ్లే రోడ్డు మీద, నాలా దాటే కల్వర్టు దగ్గర రెండు వరుసలూ కలిశాయి. అక్కడి నుంచి ఊరు దాటేదాకా రెండు కంపెనీల రాళ్లూ పక్కపక్కనే ఉన్నాయి.

మల్లేశం ఆ రాళ్ల మధ్య కూర్చుని బీడీ వెలిగించి, "రాళ్లు రెండు గని బొంద ఒక్కటే బిడ్డా" అన్నాడట. రెండో కంపెనీ అక్కడ వేరే గుంత తవ్వలేదు. మొదటి కంపెనీ పైపులోనే చోటు అద్దెకు తీసుకుని తన తీగను దూర్చింది. ఆ పని తన చేతుల మీదుగానే జరిగిందని కూడా ఆయన చెప్పాడు.

స్వరూప పుస్తకం మూసి, "కంపెనీలు రెండే సార్, లైన్లు రెండే. తొవ్వ ఒక్కటే" అంది.

నాకు ఒళ్లు మండింది. నిజం చెప్పాలంటే ఆమె తప్పు చెప్పిందని కాదు, సరిగ్గా చెప్పిందని. ఆ ఫైలు మీద నా సంతకం ఉంది, తనిఖీవాళ్ల మెప్పు ఉంది, ఇంట్లో జిరాక్సు ఉంది. సరే, నోట్ పెట్టు చూద్దామన్నాను. ఆఫీసుల్లో నోట్ పెట్టమనడానికి చాలాసార్లు అర్థం, ఇక ఆ విషయం మాట్లాడొద్దని. అది ఆమెకు తెలియక కాదు. మర్నాడే ఒకటిన్నర పేజీల నోట్ పెట్టింది. కల్వర్టు పేరు, రాళ్ల సంఖ్య, మల్లేశం చెప్పినది, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని వారం రోజులు సొరుగులో ఉంచాను. ఔట్‌సోర్సింగ్ మనిషి పైఅధికారి ఫైలును తప్పుపడుతూ సంతకం చేయడం చిన్న విషయం కాదు. ఏటా ఒప్పందం పొడిగించమని సిఫారసు రాయాల్సింది నేనే. ఆ సంగతి తెలిసీ రాసింది.

వారం తర్వాత సొరుగు తెరిచింది నా మంచితనం వల్ల కాదు. ఆ సాయంత్రం బయటికి వస్తుంటే వరండాలో ఆ బల్ల కనిపించింది. ఏటూరునాగారం తండ్రి అడిగిన మాట గుర్తొచ్చింది. ఈసారి ఎవరైనా వచ్చి అదే ప్రశ్న అడిగితే, తప్పెక్కడుందో నాకు ముందే తెలిసి ఉంటుంది. వెనక్కి తిరిగి స్వరూపను పిలిచి, కూర్చోమని, ఇప్పుడేం చేద్దామో చెప్పమన్నాను.

ఆమె తన ఇంటి సంగతి చెప్పింది. "మా బాపు రెండు సాంచెలు ఒక్క షెడ్డుల పెట్టలే సార్. ఒకటి మా ఇంట్ల, ఒకటి మా మేనమామ ఇంట్ల పెట్టిండు. అందరు నవ్విన్రు, పక్కపక్కన పెడితె ఒక్క మనిషే సూసుకోవచ్చు గదా అని. గని మా ఇంటి కరెంటు ఒక ఫీడర్ మీద, మామ ఇంటి కరెంటు ఇంకో ఫీడర్ మీద. ఇక్కడ పోతె అక్కడ నడుస్తది. బాపు సాంచెలు కొననీకి ముందుగాల కరెంటు స్తంభాల ఎంబడి నడిచి సూసిండు." తండ్రి ఏం చదువుకున్నాడని అడిగాను. అయిదో తరగతి అంది. నేను ఆరు నెలలు ఫైలు నడిపాను గానీ ఒక్క స్తంభం వెంట కూడా నడవలేదు. ఆమెతో ఆ మాట అనేశాను కూడా. ఆమె నవ్వింది.

ఆమె సూచించిన చోటు పరకాల. అక్కడ మా సంస్థకు అనుబంధంగా ఉన్న ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ ఉంది. దానికి వచ్చే లైను వరంగల్ వైపు రాదు, ఉత్తరంగా కరీంనగర్ మీదుగా హైదరాబాద్ వెళుతుంది. ఆ సంగతి కంపెనీని అడిగి కాదు, మల్లేశంతో మూడో ఆదివారం కూడా తిరిగి తెలుసుకుంది. ఊరు దాటేదాకా రాళ్లు చూసి వచ్చింది.

ఫైలు తీసుకుని, స్వరూపను వెంటబెట్టుకుని డైరెక్టర్‌గారి దగ్గరికి వెళ్లాను. ఆయన సర్క్యులర్ తీశారు. పరకాల ఏ జిల్లా అని అడిగారు. హనుమకొండ జిల్లా అన్నాను. ప్రైమరీ ఏ జిల్లాలో ఉందని అడిగారు. అదీ హనుమకొండ జిల్లాయే. ఆయన కళ్లజోడు తీసి నా వైపు చూశారు. ఇప్పుడున్నది నిబంధన ప్రకారం సరిగ్గా ఉందని మీరే రాశారు, దాన్ని తీసి నిబంధనకు విరుద్ధంగా పెడతామంటారేమిటని అడిగారు. అడిగిన తీరులో వెటకారం లేదు, నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. కాగితం మీద చూస్తే ఆటోలో పావుగంట దూరం రెండు జిల్లాలు, బస్సులో గంట పైన పట్టే దూరం ఒకే జిల్లా. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

అప్పుడు స్వరూప చేతులు కట్టుకునే ఒక మాట చెప్పింది. వరంగల్‌ది తీయొద్దు సార్, అది కాగితానికి ఉండనీయండి, పరకాలది మూడోదిగా పెడదాం, మూడు ఉండకూడదని సర్క్యులర్‌లో లేదు కదా అంది. డైరెక్టర్‌గారు సర్క్యులర్ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివారు. కనీసం రెండు అని ఉంది, రెండే అని లేదు. సంతకం పెట్టారు.

ల్యాబ్‌లో పక్కన పడేసిన ఒక పాత కంప్యూటర్‌ను స్వరూప శుభ్రం చేసి నేమ్ సర్వర్‌గా మార్చింది. పేరు అడిగితే అంకె చెప్పే పనికి పెద్ద యంత్రం అక్కర్లేదు. ల్యాబ్ చూసే లెక్చరర్ సంపత్‌కు ఏది ఆర్పొద్దో నేర్పింది. మీటల మీద "ఆర్పొద్దు" అని పెద్ద అక్షరాలతో కాగితం అంటించింది. ఇంకొక పని కూడా చేసింది. ప్రైమరీ పలకకుండా పోతే సెకండరీ తన దగ్గరున్న నకలుతో ఎన్నాళ్లు జవాబు చెప్పవచ్చో ఒక గడువు పెట్టాలి. మాది ఒక్క రోజే ఉండేది. దాన్ని రెండు వారాలు చేసింది. వానాకాలంలో లైను తెగితే అతికేవాళ్లు ఎప్పుడొస్తారో మల్లేశానికి తెలుసు, ఆయనను అడిగాకే ఆ అంకె వేసింది.

ఇక మిగిలింది పైన నమోదు చేయించడం. మన పేరుకు నేమ్ సర్వర్లు ఇవీ అని పై స్థాయి జాబితాలో చేరితే తప్ప, పరకాలలో యంత్రం ఉందని లోకానికి తెలియదు. ఆ దరఖాస్తు నా సంతకంతో వెళ్లాలి. ఇంక ఆలస్యమెందుకని కలం తీశాను. స్వరూప ఒక్క నిమిషం ఆగమని, మూడు సర్వర్లనూ ఒకే ప్రశ్న అడిగింది: మన సైటు అంకె ఏది? హనుమకొండ ఒక అంకె చెప్పింది. వరంగల్ అదే అంకె చెప్పింది. పరకాల వేరే అంకె చెప్పింది.

పరకాల చెప్పినది మా పాత యంత్రం అంకె. ప్రవేశాల రద్దీ కోసం అంతకు పది రోజుల ముందే, పరకాల తొలి నకలు తీసుకున్న తర్వాత, సైటును పెద్ద యంత్రానికి మార్చాం. పాతదాంట్లో నిరుటి పేజీలు ఇంకా తెరుచుకుంటున్నాయి. ఆ స్థితిలో నేను సంతకం పెట్టి పంపి ఉంటే, పరకాలను అడిగిన ప్రతి విద్యార్థికీ నిరుటి పేజీ కనిపించేది, గడువు ముగిసింది అనే పేజీ.

నేను మొదట పరకాల యంత్రాన్నే అనుమానించాను. స్వరూప తెర మీద ఒక వరుసను చూపి, చాలా మెల్లగా, "సీరియల్ మారలే సార్" అంది.

పేర్ల జాబితాకు ఒక వరుస సంఖ్య ఉంటుంది. జాబితాలో ఏ మార్పు చేసినా ఆ సంఖ్యను పెంచాలి. సంఖ్య పెరిగితేనే సెకండరీకి కొత్త నకలు తీసుకోవాలని తెలుస్తుంది. అంకె మార్చింది నేను, సంఖ్య పెంచనిదీ నేనే. మరి వరంగల్ సర్వర్‌కు కొత్త అంకె ఎలా తెలిసింది? నేనే ఆటో ఎక్కి వెళ్లి, ఫైలు స్వయంగా ఎక్కించి వచ్చేవాణ్ణి. పావుగంట దూరమే కదా, కళ్లారా చూసినట్టుంటుందని అదొక అలవాటు. ఊళ్లు వేరని వాదించే నేనే, చేతి పని దగ్గరికి వచ్చేసరికి రెండింటినీ ఒకే ఇంట్లో రెండు గదుల్లాగా వాడుకున్నాను. పరకాలకు అలా వెళ్లలేదు కాబట్టి తప్పు బయటపడింది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో అంత చిన్న తప్పుకు అంతగా తల దించుకున్నది లేదు.

స్వరూప దాన్ని ఎవరికీ చెప్పలేదు, నోట్‌లో రాయలేదు. ఒక పద్ధతి మాత్రం పెట్టింది. ఇకనుంచి జాబితా మార్చినవాళ్లు సంఖ్యను పైకి చదవాలి. పరకాలలో సంపత్ తన తెర మీది సంఖ్యను ఫోన్‌లో తిరిగి చదవాలి. రెండూ కలిస్తేనే ఆ పని అయినట్టు. మొదటిసారి చదివింది నేనే. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చదువుతుంటే అటెండర్ తొంగి చూసి వెళ్లాడు. సంఖ్యలు కలిశాక దరఖాస్తు మీద సంతకం పెట్టాను.

ఆ ఏడాది ఐచ్ఛికాల ఆఖరి రోజు ముసురు పట్టింది. ఉదయం పదకొండు దాటిన కాసేపటికి ఆఫీసులో నెట్ పోయింది. వెంటనే వరంగల్ గదికి ఫోన్ చేశాను, అక్కడా లేదు. కాజీపేట రోడ్డు మీద నాలా వెడల్పు పని జరుగుతోంది. కల్వర్టు పక్కన జేసీబీ పైపును లేపేసింది. రాళ్లు రెండు వరుసలు ఉన్నందుకు రెండు కంపెనీలకూ ఫోన్లు వెళ్లాయి, అంతకుమించి ఆ రెండు వరుసల వల్ల ప్రయోజనం లేకపోయింది.

డైరెక్టర్‌గారు మెట్లు దిగి స్వయంగా మా గదికి వచ్చారు. సైటు పడిపోయిందా అని అడిగారు. నాకు తెలియదని చెప్పాల్సి వచ్చింది. మాకే నెట్ లేనప్పుడు లోకానికి సైటు కనిపిస్తోందో లేదో మేం చూడలేం. నా జేబులోని ఫోన్‌లో కూడా సిగ్నల్ గీతలున్నాయి గానీ నెట్ లేదు. మళ్లీ ఆ బల్ల, మళ్లీ ఆ ప్రశ్న.

స్వరూప కుర్చీలోంచి లేవలేదు. "జర ఆగుండ్రి సార్. నెట్ పోయింది మనకు, సైటుకు గాదు" అంది. గడియారం చూడమంది. ఒకసారి జవాబు విన్నవాళ్లు దాన్ని ఒక గంట గుర్తుపెట్టుకునేలా మా అమరిక ఉండేది. అంటే పన్నెండు దాటేవరకూ పాత జవాబులతోనే బండి నడిచిపోతుంది, ఆ తర్వాత అందరూ మళ్లీ అడగాల్సిందే. అప్పుడు జవాబు చెప్పడానికి మిగిలింది పరకాల ఒక్కటే.

పన్నెండుంబావుకు సంపత్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. తెర మీద ఫలానా ఆదేశం కొట్టు తమ్మీ, ఎవరెవరు అడుగుతున్నారో ఒక్కో వరుస వస్తుంది, నాకు చదివి చెప్పు అంది. అవతల కీబోర్డు టకటకలాడింది. తర్వాత సంపత్ గొంతు వినిపించింది.

"సదువస్తలేదు అక్కా. వరుసలు ఉరుకుతానయి."

డైరెక్టర్‌గారికి అర్థం కాక నా వైపు చూశారు. అడిగేవాళ్లు అంత మంది ఉన్నారని, ప్రతి ఒక్కరికీ పరకాల జవాబు చెబుతోందని వివరించాను. కాసేపటికి విద్యార్థుల కోసం ఖమ్మం, నిజామాబాద్‌లలో పెట్టిన సహాయ కేంద్రాల నుంచి మామూలు సందేహాలతో ఫోన్లు వచ్చాయి. కోర్సు కోడ్ ఏది, వరుస మార్చవచ్చా, అటువంటివి. సైటు తెరుచుకోవట్లేదని ఒక్కరూ చేయలేదు. ఊళ్లో మాత్రం చాలామందికి నెట్ లేదు. హనుమకొండలో వేరే దారిన నెట్ వచ్చే ఒక సహాయ కేంద్రాన్ని స్వరూప ముందే కనుక్కొని ఉంచింది. ఆఫీసుకు వచ్చినవాళ్లందరినీ అటెండర్ ఆటోల్లో అక్కడికి పంపాడు. లైను అతికేసరికి సాయంత్రం ఆరున్నర. గడువు అయిదుకే ముగిసింది.

మర్నాడు నేను అరగంట ముందే ఆఫీసుకు వెళ్లాను. బల్ల ఖాళీగా ఉంది. పదింటికి చూశాను, పదకొండింటికి చూశాను, మధ్యాహ్నం భోజనానికి వెళుతూ చూశాను. ఎవరూ రాలేదు. స్వరూప టిఫిన్ డబ్బా తీసుకుని ఆ బల్ల మీదే కూర్చుని తినడం కనిపించింది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. నా ఉద్యోగ జీవితంలో అంత బాగా పనిచేసిన మనిషిని చూడలేదని ఆమెతో అన్నాను. "మల్లేశం కాకకు చెప్పుండ్రి సార్, ఆయన మోకాళ్లు నొస్తాన్నా నడిచిండు" అంది. ఆ సాయంత్రం వెళ్లి చెప్పాను.

ఆమె ఒప్పందం పొడిగింపు సిఫారసులో ఈ సంగతంతా రాశాను, నా తప్పుతో సహా. ఆమెను రెగ్యులర్ చేయమని మూడుసార్లు రాశాను. అది నా హయాంలో జరగలేదు, ఆ అసంతృప్తి ఇప్పటికీ ఉంది.

రిటైరయ్యే ముందు చేసిన చివరి పని, లైన్ల తనిఖీ రిజిస్టరును తిరగరాయడం. పాతదాంట్లో కంపెనీ, జిల్లా, లైన్ల సంఖ్య అని గడులుండేవి. నేను ఇంకో గడి చేర్చి దానికి "తొవ్వ" అని శీర్షిక పెట్టాను. ప్రధాన కార్యాలయంలో ఎవరో అది యాస అనుకుని "మార్గం" అని మార్చి పంపారు. మొదటి నెల ఆ గడిలో అన్ని కేంద్రాలవాళ్లూ మళ్లీ కంపెనీ పేరే రాసి పంపారు. స్వరూప శీర్షికలోని "మార్గం" కొట్టేసి తిరిగి "తొవ్వ" అని రాసింది. ఇదేమిటని కేంద్రాల నుంచి ఫోన్లు వచ్చాయి. నడిచి చూసి రాయండని చెప్పింది. రెండో నెల రిజిస్టరులో కల్వర్టుల పేర్లు వచ్చాయి.

ముప్పై ఏళ్లకు పైగా నేను గడులు నింపిన ఫైళ్లలో రెండు అన్న మాట ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. వాటిలో ఎన్నిచోట్ల నిజంగా రెండున్నాయో నాకు తెలియదు, ఎందుకంటే నేను వెళ్లి చూడలేదు.